మెదడు స్కాన్‌లో మడతల్ని గుర్తుపట్టడం ఎలా? సెంట్రల్ సల్కస్‌తో మొదలుపెడదాం

నెల్లూరులో అడ్రస్ అడిగితే డోర్ నంబరు ఎవరూ చెప్పరు. "గాంధీబొమ్మ దగ్గర దిగు, వీఆర్‌సీ సెంటర్ వైపు నడువు, మధ్యలో మందుల షాపు పక్క సందులోకి తిరుగు" అంటారు. షాపు బోర్డు మారినా, సందులో కొత్త మేడ లేచినా మనిషి దారి తప్పడు. మెదడు స్కాన్ చూడటం కూడా ఇలాగే నేర్చుకోవాలి. పుస్తకంలో రంగులేసిన బొమ్మను బట్టీ పడితే పరీక్ష గట్టెక్కుతుంది. నిజమైన ఎంఆర్ఐ ఎదురుగా పెడితే మాత్రం వేలు ఎక్కడ పెట్టాలో తెలియదు. పుస్తకంలో ఉండేది ఒక్క మెదడు. బయట ఏ ఇద్దరి మెదళ్ళూ ఒకేలా మడతపడవు, కవలలవి కూడా.

నేను పోగతోటలో ఒక స్కాన్ సెంటర్లో చాలా ఏళ్ళుగా ఎంఆర్ఐ టెక్నీషియన్‌ని. ఏటా డీఎంఐటీ (మెడికల్ ఇమేజింగ్ డిప్లొమా) చదివే పిల్లలు ట్రైనింగుకు వస్తారు. వాళ్ళకు చెప్పే వరసలోనే ఇది రాస్తున్నాను. హౌస్ సర్జన్లకూ, న్యూరో వార్డు నర్సులకూ, ఇంట్లో వాళ్ళ స్కాన్ సీడీని కంప్యూటర్లో పెట్టి "ఇదంతా ఏంటి" అని చూసేవాళ్ళకూ పనికొస్తుంది. రిపోర్టు రాయడం మాత్రం రేడియాలజిస్టు పని. ఇది చదివేసి నాన్నకో అత్తకో మీరే జబ్బు తేల్చేయకండి.

ఒక షరతుతో మొదలుపెడదాం. ఏ మడతకైనా పేరు పెట్టే ముందు కనీసం ఇద్దరు సాక్షులు కావాలి. గట్టు తగాదాలో ఒక్కడి మాట విని సర్వే రాయి పాతేస్తే ఏమవుతుందో పల్లెటూరి వాళ్ళకు చెప్పక్కర్లేదు.

గట్టు, కాలువ

కోవూరు వైపు పొలాలు చూసినవాళ్ళకు ఈ రెండు మాటలు చాలు. మెదడు మీద ఉబ్బుగా కనిపించే మడతను గైరస్ అంటారు, అది గట్టు. రెండు గట్ల మధ్య లోతుగా దిగేది సల్కస్, అది కాలువ. కాలువలో నిజంగానే నీరు ఉంటుంది. దాన్ని సీఎస్ఎఫ్ అంటాం. స్కాన్‌లో కాలువలు మనకు కనిపించేది ఆ నీటి వల్లనే.

గట్టు పైపొర బూడిద రంగు పదార్థం, రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల మందం. దాని కింద తెల్ల పదార్థం. ఈ పైపొరను విప్పి పరిస్తే 2,000 చదరపు సెంటీమీటర్ల పైమాటే, అంటే దాదాపు దినపత్రిక పెద్ద పేజీ అంత. పుర్రెలో పట్టాలి కాబట్టి నలిపి కుక్కినట్టు ఉంటుంది. అందులో సుమారు మూడింట రెండు వంతులు కాలువల లోపలే దాక్కుని ఉంటుంది. అందుకే మెదడును బయటినుంచి చూసినప్పటికన్నా స్కాన్‌లో ముక్కలు ముక్కలుగా చూసినప్పుడే ఎక్కువ తెలుస్తుంది.

మటన్ షాపులో మెదడు కొనుక్కొచ్చి పోల్చి చూస్తామని పిల్లలు అడుగుతుంటారు. చూడండి, తప్పేం లేదు. కానీ మన నెల్లూరు గొర్రె మెదడులో మడతలు ఉన్నా వాటి వరస మనిషిది కాదు. అనుమస్తిష్కం కూడా కిందికి కాకుండా వెనక్కి ఉంటుంది. గట్టు, కాలువ అంటే ఏమిటో చేతికి తెలియడం వరకే దాని ఉపయోగం. తర్వాత అది వంటింటి వ్యవహారం.

1. సరైన స్కాన్ తెచ్చుకోండి

ఫిల్ము మీద నేర్చుకోకండి. ఫిల్ములో ఇరవై ముప్ఫై బొమ్మలు అగ్గిపెట్టెలంత సైజులో ఉంటాయి, ఒక ముక్కకూ ఇంకో ముక్కకూ మధ్య ఏం జరిగిందో తెలియదు. మౌస్ చక్రం తిప్పుతూ పైకీ కిందికీ తిరగగలిగితేనే కాలువ వెంట పోగలం.

త్రీడీ స్లైసర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. అందులో శాంపిల్ డేటా అనే భాగంలో ఎంఆర్‌హెడ్ పేరుతో ఒక తల స్కాన్ ఉంటుంది. అది నొక్కితే దిగిపోతుంది. పేషెంట్ల సీడీల జోలికి పోకుండా దాంతోనే మొదలుపెట్టవచ్చు. ఎవరిదైనా సీడీ వాడాల్సి వస్తే వాళ్ళ అనుమతి తీసుకుని, పేరు, వయసు, నంబరు తీసేశాకే వాడండి. వాట్సాప్ గ్రూపులో పేరు కనిపించేలా స్కాన్ పెట్టడం మన దగ్గర మామూలైపోయింది. నాకు అది అస్సలు నచ్చదు.

కాలువల కోసం చూసేటప్పుడు మిల్లీమీటరు మందంతో తీసిన టీ1 త్రీడీ సీక్వెన్స్ అన్నిటికన్నా మేలు. సీక్వెన్స్ అంటే ఎంఆర్ఐ బొమ్మ తీసే ఒక పద్ధతి, టీ1, టీ2, ఫ్లెయిర్ అలాంటివే. అందులో నీరు నల్లగా, తెల్ల పదార్థం తెల్లగా, పైపొర బూడిదగా కనిపిస్తాయి. టీ2లో నీరు తెల్లగా మెరుస్తుంది. ఫ్లెయిర్ కూడా టీ2 లాంటిదే కానీ నీటిని నల్లగా మారుస్తుంది. ఏది ఏదో సందేహం వస్తే కనుగుడ్డు చూడండి. దాని లోపలి ద్రవం టీ1లో నలుపు, టీ2లో తెలుపు.

ఇంకో చిట్కా. మొదటి పది స్కాన్లు అరవై ఐదు దాటినవాళ్ళవి చూడండి. వయసుతో మెదడు కొంచెం కుంచించుకుపోయి కాలువలు వెడల్పవుతాయి, ఎండాకాలం నేల నెర్రెలిచ్చినట్టు. పాతికేళ్ళ కుర్రాడి మెదడులో గట్లు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉంటాయి. అనుభవం ఉన్నవాళ్ళే తడబడతారు.

2. కుడి ఎడమలు తేల్చుకోండి

బొమ్మ మీద ఆర్ అనే అక్షరం ఎక్కడుందో చూడకుండా ఒక్క మాట కూడా మాట్లాడకండి. అడ్డకోతను, అంటే తలను అడ్డంగా కోసినట్టు చూపే ముక్కను, మనం పేషెంటు కాళ్ళ దగ్గర నిలబడి తలవైపు చూస్తున్నట్టు చూస్తాం. అందుకే పేషెంటు కుడి మన ఎడమచేతి వైపు వస్తుంది. పదేళ్ళ సర్వీసు ఉన్నవాళ్ళు కూడా నిద్రమత్తులో ఇక్కడ పొరబడటం చూశాను. పైగా మెదడు కుడి భాగం శరీరం ఎడమవైపును నడుపుతుంది. రెండు తిరకాసులు కలిస్తే తలకాయ తిరుగుతుంది. అందుకని మా పిల్లలతో రోజూ మొదటి స్కాన్‌కి గట్టిగా చెప్పిస్తాను: "ఇది పేషెంటు కుడి, నడిపేది ఎడమ చెయ్యి."

తల వంకరగా పెట్టి తీశారా అన్నది కూడా ఇక్కడే చూసుకోవాలి. రెండు కళ్ళూ, రెండు చెవుల లోపలి భాగాలూ ఒకే ముక్కలో రాకపోతే తల ఒక పక్కకు వాలినట్టు. అప్పుడు కుడివైపు ఒక ఎత్తులో, ఎడమవైపు ఇంకో ఎత్తులో కోసినట్టవుతుంది. రెండు పక్కలూ పోల్చే ముందు అది గుర్తుంచుకోవాలి.

3. సెంట్రల్ సల్కస్: మనకు కావలసిన సర్వే రాయి

ఈ అంచె మీద ఎక్కువసేపు ఉంటాను. ఇది దొరికితే మిగతావన్నీ దానికి ఇరుగుపొరుగే.

సెంట్రల్ సల్కస్ ముందు గట్టు కదలికలను నడిపేది, దాన్ని ప్రీసెంట్రల్ గైరస్ అంటారు. వెనక గట్టు స్పర్శను అందుకునేది, అది పోస్ట్‌సెంట్రల్ గైరస్. మెదడులోని పెద్ద భాగాలను లోబ్‌లు అంటారు. ముందున్నది ఫ్రంటల్ లోబ్, వెనకున్నది పరైటల్ లోబ్. ఒక్క కాలువ రెండు లోబ్‌లకు హద్దు. ఇటలీ శాస్త్రజ్ఞుడు లుయీజీ రోలాండో పేరు మీద దీన్ని పాతవాళ్ళు రోలాండిక్ ఫిషర్ అనేవారు. ఇప్పటికీ న్యూరోసర్జన్ల నోట ఆ మాట వినిపిస్తుంది.

ముందు మీ తల మీదే వెతకండి. ముక్కు మొదట్లో కళ్ళ మధ్య ఉన్న గుంట నుంచి, నడినెత్తి మీదుగా, తల వెనక తగిలే బుడిపె దాకా టైలర్ టేపు పెట్టండి. వచ్చిన పొడవులో సగానికి గుర్తు పెట్టి, దానికి ఒకటి రెండు సెంటీమీటర్లు వెనక్కి జరగండి. సెంట్రల్ సల్కస్ పై కొస సుమారుగా దాని కిందే. చూశారా, పేరు సెంట్రల్ అయినా అది సగానికి వెనకే ఉంది. పిల్లలు చేసే మొదటి తప్పు, తల మధ్యలో కనిపించిన కాలువకల్లా ఈ పేరు పెట్టేయడం.

ఇప్పుడు స్కాన్‌కు వద్దాం. అడ్డకోతల్లో కిందినుంచి పైకి వెళ్ళండి. మధ్యలో నీటి గదులు, అంటే వెంట్రికల్స్, కనిపించడం ఆగిపోయాక ఇంకాస్త పైకి వెళ్ళండి. రెండు పక్కలా కోడిగుడ్డు ఆకారంలో తెల్ల పదార్థం, చుట్టూ మడతలు, మధ్యలో ముందునుంచి వెనక్కి నిలువు గీత. ఇక్కడ ఆగండి. మనకు కావలసిన సాక్షులంతా దాదాపు ఈ ఎత్తులోనే ఉంటారు.

మొదటి సాక్షి ముందునుంచి వస్తాడు. మధ్య గీతకు ఒక పక్కన, దానికి సమాంతరంగా నుదుటి నుంచి వెనక్కి సాగే పొడవు కాలువ ఉంటుంది. అది సుపీరియర్ ఫ్రంటల్ సల్కస్. దాని వెంట వెనక్కి పోతే ఒక అడ్డకాలువ తగిలి ఆగిపోతుంది. అడ్డకాలువ పేరు ప్రీసెంట్రల్ సల్కస్. దాని వెనక ఒక గట్టు, ఆ గట్టు దాటాక వచ్చే అడ్డకాలువే సెంట్రల్ సల్కస్.

రెండో సాక్షి వెనకనుంచి వస్తాడు. పరైటల్ లోబ్‌లో ఇంట్రాపరైటల్ సల్కస్ అనే పొడవు కాలువ వెనకనుంచి ముందుకు వచ్చి ఇంకో అడ్డకాలువను తగులుతుంది. అది పోస్ట్‌సెంట్రల్ సల్కస్. అంటే ముందునుంచి వచ్చిన పొడవు కాలువ ఒక అడ్డకాలువలో కలిసింది, వెనకనుంచి వచ్చింది ఇంకో దాంట్లో కలిసింది. ఈ రెండు అడ్డకాలువల మధ్య, ఏ పొడవు కాలువా తగలకుండా ఒంటరిగా మిగిలినదే మనది. ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైన పద్ధతి. లెక్కపెట్టనక్కర్లేదు, ఆకారం గుర్తుంచుకోనక్కర్లేదు. ఎవరి కాలువ ఎందులో పడుతుందో చూస్తే చాలు.

మూడో సాక్షి పేరున్నవాడు, హ్యాండ్ నాబ్. ప్రీసెంట్రల్ గైరస్ ఒక చోట వెనక్కి గుండ్రంగా ఉబ్బుతుంది. దాని చుట్టూ సెంట్రల్ సల్కస్ వంపు తిరుగుతుంది. తలకిందులైన ఒమేగా అని పుస్తకాలు రాస్తాయి. గ్రీకు అక్షరం రానివాళ్ళకు నేను గోడకు వేలాడే గంట అని చెబుతాను: పైన రెండు అంచులు పక్కలకు విచ్చుకుని, కింద గుండ్రంగా వేలాడుతుంది. 1997లో యూస్రీ అనే వైద్యుడి బృందం దీని గురించి రాసింది. ఎక్కువమందిలో ఒకే గుబ్బ ఉంటుంది, కొద్దిమందిలో రెండు గుబ్బలు పక్కపక్కన ఉంటాయి. సాధారణంగా అది మొదటి సాక్షి దారిలోనే, సుపీరియర్ ఫ్రంటల్ సల్కస్ వచ్చి ఆగిన చోటికి సూటిగా వెనక ఉంటుంది. నిలువుకోతలో, అంటే తలను ముందునుంచి వెనక్కి నిలువుగా కోసినట్టు చూపే ముక్కలో, అదే గుబ్బ వెనక్కి తిరిగిన కొక్కెంలా కనిపిస్తుంది. చేతివేళ్ళను కదిలించే చోటు ఇదే.

నాలుగో సాక్షి మధ్య గీత దగ్గర ఉంటాడు. నెత్తికి దగ్గరగా ఉన్న ముక్కల్లో, మధ్య గీతకు రెండు పక్కలా సమంగా విచ్చుకున్న చిన్న వంపు గీతలు కనిపిస్తాయి. పాఠాల్లో దీన్ని బ్రాకెట్ గుర్తు అంటారు. నాకు అది కొనలు తిప్పిన మీసంలా కనిపిస్తుంది. అది పార్స్ మార్జినాలిస్. సెంట్రల్ సల్కస్ దానికి కొద్దిగా ముందు ఉంటుంది. పోస్ట్‌సెంట్రల్ సల్కస్ చాలాసార్లు మధ్య గీత దగ్గరికి వచ్చేసరికి రెండుగా చీలి ఆ మీసం కొనను కౌగిలించుకుంటుంది.

ఇవి కాక రెండు చిన్న ఆధారాలు. ముందు గట్టు వెనక గట్టుకన్నా లావు. దాని బూడిద పొర కూడా మందం: కదలికల గట్టు మీద దాదాపు నాలుగు మిల్లీమీటర్లు ఉంటే స్పర్శ గట్టు ముందు గోడ మీద అందులో సగమే. రెండోది, ప్రీసెంట్రల్, పోస్ట్‌సెంట్రల్ కాలువలు తరచూ ముక్కలుగా తెగి ఉంటాయి. సెంట్రల్ సల్కస్ చాలామందిలో తెగకుండా పైనుంచి కింది దాకా ఒకటే గీత.

ఇంత చెప్పినా తప్పు చేసే చోటు ఒకటుంది. నేను కొత్తలో చేసినదే. పైన సరిగ్గానే గుర్తుపట్టి, మౌస్ గబగబా తిప్పి నాలుగు సెంటీమీటర్లు కిందికి దిగి, "అదే చోట" ఉన్న కాలువ మీద వేలు పెట్టాను. అది పోస్ట్‌సెంట్రల్. మా సీనియర్ ఏమీ అనలేదు, మౌస్ తీసుకుని మళ్ళీ పైకి వెళ్ళి ఒక్కో ముక్కే దించుకుంటూ వచ్చాడు. సెంట్రల్ సల్కస్ నిటారుగా దిగదు. పైనుంచి కిందికి వస్తూ ముందుకు వాలుతుంది. మీరు ఒక్కో ముక్క దిగుతుంటే అది బొమ్మలో ముందుకూ బయటికీ జరుగుతుంటుంది. వేలు తీయకుండా దాని వెంట నడవాల్సిందే.

4. పలక మీద గీయండి

దీన్ని చాలామంది దాటేస్తారు. మా దగ్గర మార్కాపురం పలక ఒకటి, బలపం ఒకటి ఎప్పుడూ ఉంటాయి. స్క్రీన్ మీద కనిపించిన ముక్కను చూసి మధ్య గీత, ముందు పొడవు కాలువ, మూడు అడ్డకాలువలు, వెనక పొడవు కాలువ గీయమంటాను. మిగతా మడతలన్నీ వదిలేయాలి. ఏది వదలాలో తెలియడమే ఇక్కడ చదువు. తుడిచి, రెండో పక్క గీయాలి. రెండు పక్కలూ ఒకలా రావు, రాకూడదు కూడా. అద్దంలో చూసినట్టు గీసిన పిల్లవాడు ఒక పక్కే చూసి రెండోది ఊహించాడని అర్థం.

5. గట్టు మీద శరీరం ఎక్కడెక్కడ ఉందో

ఒకసారి ఒక పెద్దావిడ భర్త స్కాన్ చూపిస్తుంటే అడిగింది: "నాయనా, చెయ్యి చచ్చుబడితే తలకాయ ఫొటో తీస్తారేంది?" ఆమెకు చెప్పిన జవాబే ఇది. ప్రీసెంట్రల్ గైరస్ మీద మన శరీరం తలకిందులుగా వేలాడుతున్నట్టు పరుచుకుని ఉంటుంది. నడినెత్తిన, మధ్య గీత లోపలి గోడ మీద, పాదం, కాలు. పైనుంచి దిగుతూ నడుము, భుజం. గుబ్బ దగ్గర చెయ్యి. ఇంకా కిందికి ముఖం, పెదవులు, అడుగున నాలుక. ఈ పటాన్ని 1937లో పెన్‌ఫీల్డ్, బోల్డ్రే అనే న్యూరోసర్జన్లు ప్రచురించారు. ఆపరేషన్ సమయంలో మెలకువగా ఉన్న పేషెంట్ల మెదడును సన్నని విద్యుత్తుతో తాకి ఏ భాగం కదులుతుందో రాసుకున్నారు. చేతికీ ముఖానికీ గట్టు మీద పెద్ద పెద్ద మాగాణులు దక్కాయి. నడుముకు దక్కింది సెంటు భూమి.

రక్తనాళాల పంపకం కూడా దీనికి తగ్గట్టే ఉంటుంది. బయటి గోడకు, అంటే ముఖం, చేతుల చోటుకు, మిడిల్ సెరెబ్రల్ ఆర్టరీ. లోపలి గోడకు, కాలి చోటుకు, యాంటీరియర్ సెరెబ్రల్ ఆర్టరీ. అందుకే ముఖం, చెయ్యి బాగా పడిపోయి కాలు కాస్త నయంగా ఉంటే ఒక నాళం మీద, ఒక్క కాలే పడిపోతే ఇంకో నాళం మీద అనుమానం పోతుంది.

కందుకూరు వైపు పొగాకు బ్యారన్ దగ్గర పనిచేసే ఒకాయన కేసు మా పిల్లలందరికీ చూపిస్తుంటాను, పేరు తీసేసి. తెల్లారి లేచేసరికి కుడిచేతి వేళ్ళు ఆడటం లేదు. ముఖం బాగుంది, మాట బాగుంది, కాలు బాగుంది. చెయ్యి కింద పెట్టుకుని పడుకుంటే నరం నొక్కుకుందని ఇంట్లో వాళ్ళు రెండు రోజులు తైలం రుద్దారు. ఎంఆర్ఐలో కొత్త స్ట్రోక్‌ను తెల్లగా చూపే డిఫ్యూజన్ సీక్వెన్స్ తీస్తే ఎడమ హ్యాండ్ నాబ్ మీద వేరుశనగ గింజంత తెల్లచుక్క. అది స్ట్రోక్. మెడ నరం, చేతి నరం అనిపించేవి కొన్నిసార్లు ఇలా గుబ్బ మీద చుక్కలవుతాయి. గుబ్బ ఎక్కడుందో తెలియని కళ్ళకు ఆ చుక్క చిన్నదిగా, పట్టించుకోనక్కర్లేనిదిగా కనిపిస్తుంది.

6. పక్కగోడ: సిల్వియన్ ఫిషర్

ఇప్పుడు నిలువుకోతలకు మారండి. చెవి వైపు నుంచి మొదలుపెట్టి లోపలికి రండి. ముందు కిందినుంచి వెనక పైకి ఏటవాలుగా సాగే లోతైన చీలిక సిల్వియన్ ఫిషర్. దాని కింద టెంపొరల్ లోబ్, మూడు గట్లు ఒకదాని కింద ఒకటి. పైన ముందుభాగంలో, ఇన్ఫీరియర్ ఫ్రంటల్ గైరస్ ఇంగ్లీషు ఎం అక్షరంలా మడతపడి ఉంటుంది. ఎం మధ్య ముక్క పార్స్ ట్రయాంగులారిస్, వెనక కాలు పార్స్ ఆపర్క్యులారిస్. ఎడమవైపు ఈ రెండూ కలిసి బ్రోకా ప్రాంతం. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా ఒక రోగిని చూశాడు. అతను 'టాన్' అనే ఒక్క మాట తప్ప దాదాపు ఏమీ పలకలేకపోయేవాడు. చనిపోయాక చూస్తే ఎడమ ఫ్రంటల్ లోబ్‌లో ఇక్కడే దెబ్బ.

చీలిక వెనక కొసను టోపీలా కప్పే గట్టు సుప్రామార్జినల్ గైరస్. దాని వెనక, సుపీరియర్ టెంపొరల్ సల్కస్ కొసను కప్పేది యాంగులర్ గైరస్. ఈ రెంటినీ పిల్లలు ఎప్పుడూ తారుమారు చేస్తారు. కొసను పట్టుకుని ఎవరి కొసను ఎవరు కప్పారో చూడండి, అంతే.

ఇంకా లోపలికి వస్తే చీలిక అడుగున దాక్కున్న ఇన్సులా కనిపిస్తుంది, విసనకర్రలా విచ్చుకున్న మడతలతో. సాధారణంగా ముందు మూడు పొట్టి గట్లు, వెనక రెండు పొడుగువి.

రెండు పక్కల చీలికలూ సమానంగా ఉండాలని ఆశపడకండి. చాలామందిలో కుడివైపుది వెనక త్వరగా పైకి తిరుగుతుంది, ఎడమవైపుది పొడుగ్గా సాగుతుంది. ఇది జబ్బు కాదు.

7. లోపలి గోడ

సరిగ్గా మధ్యలో కోసిన నిలువుకోత తీయండి. మధ్యలో తెల్లగా వంపు తిరిగినది కార్పస్ కలోసమ్. దానికి గొడుగు పట్టినట్టు ఉన్న గట్టు సింగ్యులేట్ గైరస్, దాని పైన సింగ్యులేట్ సల్కస్. ఈ కాలువ వెంట వెనక్కి పోతే ఒక చోట అది గబుక్కున నెత్తివైపు తిరుగుతుంది. ఆ తిరిగిన ముక్కే అడ్డకోతలో మనం చూసిన మీసం. దానికి కొంచెం ముందు, పై అంచు మీద చిన్న నొక్కు కనిపిస్తే అది సెంట్రల్ సల్కస్ కొస. ఇక్కడ ఐదో సాక్షి కూడా దొరికినట్టు. కొంతమందిలో సింగ్యులేట్ సల్కస్ రెండు వరసలుగా ఉంటుంది. అప్పుడు ఏది తిరిగిందో నిదానంగా చూడాలి.

వెనక్కి వెళ్తే రెండు కాలువలు కలిసి పక్కకు పడుకోబెట్టిన వై అక్షరంలా కనిపిస్తాయి. పైది పరైటో-ఆక్సిపిటల్ సల్కస్, కిందది కాల్కరైన్ సల్కస్. వాటి మధ్య కేకు ముక్కలా ఉన్నది క్యూనియస్. చూపు చేరేది కాల్కరైన్ ఒడ్డులకు. ఒక పక్క దెబ్బతింటే రెండు కళ్ళలోనూ అవతలి సగం చూపు పోతుంది. బండి నడుపుతూ ఒకే పక్క గోడను గీసుకుంటున్నాడని తీసుకొచ్చే పెద్దవాళ్ళలో ఇది కూడా ఒక కారణం కావచ్చు. కంటి డాక్టరు అంతా బాగుందంటే వెనక్కి చూడాలి.

అడుగుతలం గురించి ఇక్కడ ఎక్కువ చెప్పను. అక్కడ జ్ఞాపకాలకు అవసరమైన హిప్పోక్యాంపస్ పని వేరు, దానికి కొరోనల్ కోతలు, అంటే ముఖానికి సమాంతరంగా కోసే ముక్కలు, కావాలి.

8. ఇదే పని సీటీలో

మన దగ్గర రాత్రి రెండు గంటలకు ఎమర్జెన్సీలో దొరికేది సీటీ. అందులో బూడిద, తెల్ల పదార్థాలకు తేడా చాలా తక్కువ. సీటీలో సాంద్రతను కొలిచే హౌన్స్‌ఫీల్డ్ లెక్కలో నీరు సున్నా, తెల్ల పదార్థం ముప్ఫైకి అటూ ఇటూ, బూడిద దానికన్నా ఓ పది ఎక్కువ. అందుకే విండో, అంటే ఆ లెక్కలో ఎంత మేరను నలుపు నుంచి తెలుపు దాకా చూపాలన్నది, సరిగ్గా పెట్టుకోవాలి. మామూలుగా వెడల్పు 80, మధ్య 40. కొత్త స్ట్రోక్ అనుమానం ఉంటే వెడల్పు ఇంకా తగ్గించి 40 దగ్గర చూస్తే చిన్న తేడా కూడా బయటపడుతుంది. వెతకాల్సింది ఇన్సులా. మామూలుగా అది సన్నని రిబ్బనులా విడిగా కనిపిస్తుంది. స్ట్రోక్ మొదటి గంటల్లో ఆ రిబ్బను చెరిగిపోతుంది, పక్క కాలువలు పూడుకుపోయినట్టవుతాయి. రెండో పక్కతో పోల్చకుండా ఇది పట్టుకోలేరు.

ఒక మాట, చదువుకోని వాళ్ళకు కూడా చెప్పండి. మూతి వంకరపోయినా, చెయ్యి జారిపోయినా, మాట ముద్దగా వచ్చినా 108కి ఫోన్ చేసి, సీటీ, స్ట్రోక్ వైద్యం ఉన్న ఆసుపత్రికే నేరుగా తీసుకెళ్ళాలి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు మామూలు గడువు నాలుగున్నర గంటలు. ఉదయగిరి వైపు నుంచో కనిగిరి వైపు నుంచో రావాల్సినవాళ్ళకు దారిలోనే అందులో సగం పోతుంది. మధ్యలో పసరు మందుకు ఆగితే మిగిలిందీ పోతుంది.

9. సాక్షులు అబద్ధం చెప్పే చోట్లు

పెద్ద గడ్డ, వాపు, రక్తస్రావం ఉంటే కాలువలు పక్కకు జరుగుతాయి, పూడుకుపోతాయి. అప్పుడు బాగున్న పక్కలో సెంట్రల్ సల్కస్ గుర్తుపట్టి, అదే ఎత్తులో రెండో పక్కకు వెళ్ళి ఎటు తోసుకుపోయిందో చూడండి. ట్యూమరు గుబ్బ పక్కనే ఉంటే ఆకారాన్ని నమ్మి ఎవరూ కత్తి పెట్టరు. వేళ్ళు కదిలిస్తూ, ఏ చోటు పనిచేస్తుందో చూపే ఫంక్షనల్ ఎంఆర్ఐ తీస్తారు, ఆపరేషన్ బల్ల మీద కరెంటుతో తాకి మళ్ళీ చూసుకుంటారు. ఆకారం చెప్పేది ఇల్లు ఎక్కడుందో. ఇంట్లో ఎవరున్నారో తలుపు తట్టి చూడాల్సిందే.

10. సాధన

వారం రోజులు, రోజుకు మూడు స్కాన్లు. ఒక్కో దాంట్లో రెండు పక్కలా సెంట్రల్ సల్కస్ గుర్తించి, ఏ సాక్షులు దొరికారో పక్కన రాయండి: పొడవు కాలువ, గుబ్బ, మీసం, లావు. ఒక్కడే దొరికితే పేరు పెట్టకుండా ప్రశ్నార్థకం వేయండి. ఇంకొకరు మీరు రాసింది చూడకుండా అదే స్కాన్లు చూడాలి. ఇద్దరికీ తేడా వచ్చినవి పక్కన పెట్టి, ఆదివారం టీ తాగుతూ కూర్చుని, నడినెత్తి ముక్క నుంచి మళ్ళీ ఒక్కోటే దించుకుంటూ రండి. మా పిల్లల్లో ఎక్కువ తేడాలు వచ్చేది ఎడమవైపు గుబ్బ రెండుగా ఉన్న స్కాన్లలో. వాటిని ముందే వేరే ఫోల్డర్లో దాచిపెట్టి, ఆరో రోజు చెప్పకుండా ఇస్తాను.